ఒప్పుకుంటే సగం

డ్రిల్లు మాస్టారికి లోకంలో రెండే గొప్పలు. ఒకటి ఆయన ఈల, రెండోది ఆయన చట్టం. ఈలదేముంది, ఎవరు ఊదినా మోగుతుంది. చట్టం మాత్రం ఆయన సొంత సరుకు.

అది మగపిల్లల ప్రైవేటు బడి. చుట్టూ నిలువెత్తు ప్రహరీ, ఒకవైపు తరగతి గదులు, ఇంకోవైపు హాస్టలు, ఆ చివర మాస్టర్ల క్వార్టర్సు, అన్నిటికీ మధ్య ఇంత మైదానం. తప్పు చేసిన కుర్రాడు ఆ మైదానం చుట్టూ పరిగెత్తాలి. తప్పు ఎంతదైతే చుట్లు అన్ని. చుట్లు ఎన్నో చెప్పేశాక మాస్టారు కనుబొమ్మలు పైకెత్తి, కుర్రాడి కళ్ళలోకి చూసి, "ఒప్పుకుంటే సగం" అనేవాడు. తప్పు నాదే సార్ అని మొహం మీద చెప్పినవాడికి సగం చుట్లు మాఫీ. కాదని మొండికేసినవాడికి మొత్తం చుట్లు, ఆపైన కొసరు.

"పిల్లలకి నిజం చెప్పడం అలవాటు కావాలంటే, నిజం చెబితే ఏదో ఒక లాభం కనపడాలండీ" అని స్టాఫు రూములో టీ తాగుతూ ఉపన్యాసం ఇచ్చేవాడు. మిగతా మాస్టర్లు తలలూపేవారు. ఊపక ఏం చేస్తారు, ఎండలో నిలబడి కుర్రాళ్ళని కాసేది ఆయనేగా!

మనిషి చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్ళం.

ఆ ఏడాది బడి తెరిచినప్పుడు మాస్టారు తన ఒక్కగానొక్క కొడుకుని ఆరో తరగతిలో చేర్పించాడు. బడిలో పనిచేసేవాళ్ళ పిల్లలకి ఫీజు లేదు. లేకపోతే ఆ బడి గుమ్మం తొక్కే తాహతు ఆయనకెక్కడిది? తను చిన్నప్పుడు చదువు సగంలో ఆపేసి మైదానాల మీద పడ్డాడు. కొడుకు మాత్రం నీడపట్టున, కుర్చీలో కూర్చుని పనిచేసేవాడు కావాలి. అంతకు మించి ఆయనకి కోరికంటూ లేదు. వాడి సీటు నిలబడితే చాలు, తను ఏమైపోయినా ఫర్వాలేదు.

కానీ ఆ సీటుకో రూలుంది. హెడ్‌మాస్టరుని అందరూ పెద్దసారు అంటారు. ఆయన మాస్టారిని గదిలోకి పిలిచి, కళ్ళజోడు తుడుచుకుంటూ తాపీగా చెప్పాడు. "మాస్టారూ, గేటు లోపల తండ్రీ కొడుకూ లేరు. సారున్నారు, విద్యార్థి ఉన్నాడు. వాడు అందరితో పాటు హాస్టల్లోనే ఉండాలి, మీ ఇంటి గడప తొక్కకూడదు. పక్షపాతం అన్న మాట నా చెవిన పడిందో, సీటూ ఉండదు, మీ క్వార్టర్సూ ఉండదు."

"అలాంటి రోజు రాదండీ" అని మాస్టారు చేతులు కట్టుకుని చెప్పాడు.

మొదటిరోజు గేటు బయట ఆగి, కొడుకు ముందు గొంతుక్కూర్చుని, వాడి కాన్వాసు బూట్ల లేసులు తనే బిగించాడు. పరుగులో ఊడకుండా ఉండే ముడి ఒకటుంది ఆయన దగ్గర, రెండు మెలికలు తిప్పి లోపలికి దోపుతాడు. "చూడరా, ఈ గేటు దాటి లోపలికెళ్ళాక నన్ను సార్ అనాలి. తెలిసిందా?"

"ఎప్పటిదాకా నాన్నా?"

"మళ్ళీ గేటు దాటి బయటికొచ్చేదాకా."

"సరే నాన్నా" అన్నాడు వాడు. గేటు లోపలికి ఒక్క గెంతు గెంతి, వెనక్కి తిరిగి, "సరే సార్!" అని పకపకా నవ్వాడు. వాడికదో ఆట అనిపించింది, పాపం.

వానలు మొదలైన రోజుల్లో హాస్టల్లో కిటికీ అద్దం పగిలింది. ఎవడు పగలగొట్టాడురా అంటే పదో తరగతి కుర్రాడొకడు ముందుకొచ్చాడు. పొడుగు మెడ, సాగే నడక, అందుకని వాణ్ణి ఒంటె అని పిలిచేవారు. వాడు చెయ్యెత్తి చూపించి, "డ్రిల్లుగాడు సార్" అన్నాడు. డ్రిల్లుగాడంటే మరెవరో కాదు, మాస్టారి కొడుకే. వచ్చిన వారంలోనే ఆ పేరు తగిలించేశారు.

"నేను కాదు సార్. నేనసలు అక్కడ లేను సార్" అన్నాడు కొడుకు.

వాడు అబద్ధం చెబితే ఎడమచెవి ఎర్రబడుతుందని మాస్టారికి తెలుసు. చెవి మామూలుగానే ఉంది. కానీ వరండాలో మాస్టర్లందరూ నిలబడి చూస్తున్నారు. వాళ్ళ వెనక పెద్దసారు కూడా ఉన్నాడు. ఇప్పుడు కొడుకు మాట నమ్మితే ఏమంటారు? "మొత్తం చుట్లు! పైన ఇంకో రెండు!" అని అరిచి ఈల ఊదాడు.

వాడు వానలో పరిగెత్తాడు. బురదలో రెండుసార్లు పడ్డాడు. చివరికి గోల్‌పోస్టు పట్టుకుని కక్కుకున్నాడు. క్వార్టర్సు వంటింటి కిటికీలోంచి వాళ్ళమ్మ చూస్తూనే ఉంది, పొయ్యి మీద పాలు పొంగిపోయినా కదల్లేదు.

సాయంత్రం మాస్టారు ఇంటికి రాగానే అడిగింది. "వాడు కాదన్నాట్ట కదండీ."

"అందరూ అలాగే అంటారు."

"వాడు అందర్లో ఒకడా మీకు?"

"గేటు లోపల అంతే. నీకు తెలీదూ?"

"నాకు తెలిసింది చాల్లెండి" అని ఆవిడ కంచం విసురుగా పెట్టి అవతలికి పోయింది. ఆ వారమంతా ఇంట్లో మాటలు బంద్.

ఆ తర్వాత భోజనాల హాల్లో కుళాయి విరిగింది. మళ్ళీ "డ్రిల్లుగాడు సార్" అన్నారు. మళ్ళీ వాడు కాదన్నాడు, మళ్ళీ మొత్తం చుట్లు పడ్డాయి. ఆ తర్వాత సైన్సు మాస్టారి గొడుగు పోయి బావిలో తేలింది. ఈసారి మాస్టారు కనుబొమ్మలు ఎత్తీ ఎత్తగానే వాడు తలొంచుకుని, "నేనే సార్" అన్నాడు.

మాస్టారికి ఎంత హాయిగా అనిపించిందో! సగం చుట్లతో వదిలేశాడు. ఇంటికెళ్ళి భార్యతో, "మనవాడు దార్లో పడ్డాడే. ఇవాళ నిజం ఒప్పేసుకున్నాడు" అని పొంగిపోయాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి వంటింట్లోకి పోయింది. నాకైతే ఆయన్ని అక్కడే పట్టుకుని నాలుగు దులిపేయాలనిపిస్తుంది. చెవి చూశావా నాయనా, ఆ పూట వాడి ఎడమచెవి చూశావా? చూస్తే కదా!

ఒంటె జట్టు మాత్రం అన్నీ చూసింది. "డ్రిల్లుగాడు ఉండగా మనకేం భయంరా! ఏం చేసినా వాడి ఖాతాలోకే" అని వాళ్ళలో వాళ్ళు చేతులు చరుచుకున్నారు. ఇంక పట్టపగ్గాల్లేవు. ఏది విరిగినా, ఏది పోయినా, ఎవడి పక్క తడిసినా ఒకటే పేరు. వాడూ పేచీ పెట్టకుండా ఒప్పుకునేవాడు, సగం పరిగెత్తేవాడు, వచ్చి మంచినీళ్ళు తాగి తరగతిలో కూర్చునేవాడు. చలికాలం వచ్చేసరికి చిక్కి సగమయ్యాడు. ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి, అర్ధసంవత్సరం పరీక్షలు జరిగాయి. వాడు నవ్వగా ఎవరూ చూడలేదు.

ఆ చలికాలంలోనే పిల్లల తల్లిదండ్రులు వచ్చినరోజు, నిండు సభలో పెద్దసారు మాస్టారి భుజం మీద చెయ్యేసి, "మా డ్రిల్లు మాస్టారు సొంత కొడుకునైనా ఉపేక్షించరు. వాడు చేసిన ప్రతి తప్పూ వాడి నోటితోనే చెప్పించారు" అన్నాడు. హాలంతా చప్పట్లు. మాస్టారు ఆరోజు నేల మీద నడవలేదు. వెనక వరసలో కూర్చున్న భార్య మధ్యలోనే లేచి వెళ్ళిపోవడం కూడా చూసుకోలేదు.

ఆవిడ ఊరికే కూర్చునే రకం కాదు. ఆయన మైదానంలో పనిలో పడ్డాడని రూఢి చేసుకున్నాక, పెరట్లో తీగ మీద ఎర్ర తువ్వాలు ఆరేసేది. హాస్టలు వెనక కిటికీలోంచి అది కనబడుతుంది. కనబడగానే కొడుకు గోడవారగా నక్కుతూ వచ్చి వంటింట్లో దూరేవాడు. ఒక గుడ్డు వేపి, రొట్టె ముక్కతో పెట్టి, వాడు తింటుంటే తల దువ్వేది. పంపేటప్పుడు ప్రతిసారీ గడ్డం పట్టుకుని చెప్పేది. "కన్నా, ఎవరడిగినా సరే, ఇక్కడికి రాలేదనే చెప్పాలి. చంపుతామన్నా సరే. నువ్వొచ్చావని తెలిస్తే నాన్న ఉద్యోగం పోతుంది. గుర్తుంటుందా?"

"గుర్తుంటుందమ్మా" అనేవాడు నోటి నిండా రొట్టెతో.

ఎండలు ముదిరాయి. వార్షికోత్సవం దగ్గరపడింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మాస్టారు పరుగు పందేలకి మైదానంలో సున్నంతో గీతలు గీస్తున్నాడు. గొంతు ఎండిపోతే నీళ్ళు తాగుదామని ఇంటికొచ్చాడు. పెరటి గుమ్మం దగ్గర చిన్న కాన్వాసు బూట్లు కనపడ్డాయి. లేసులకి రెండు మెలికల ముడి ఉంది. తను కాక ఆ ముడి ఈ బడిలో ఒకడికే వచ్చు.

లోపల్నుంచి మాటలు వినబడుతున్నాయి. లెక్కల మాస్టారు కుర్చీలో నిద్రపోయి ఎలా జారాడో వాడు నటించి చూపిస్తున్నట్టున్నాడు. వాళ్ళమ్మ నవ్వుతోంది. వాడూ నవ్వాడు. ఆ నవ్వు విని మాస్టారు అక్కడే ఆగిపోయాడు. గేటు దాటినరోజు విన్న నవ్వది, మళ్ళీ ఇన్నాళ్ళకి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రూలు ప్రకారం లోపలికెళ్ళి చెవి పట్టుకుని బయటికి లాగాలి. ఆయన లాగలేదు. చప్పుడు చెయ్యకుండా, నీళ్ళు కూడా తాగకుండా, వచ్చినదారినే వెనక్కి నడిచాడు. ఏడాది మొత్తంలో ఆ తండ్రి ఆ కొడుక్కి చేసిన మంచి అదొక్కటే.

మైదానం సగం దాటాడో లేదో, హాస్టలు వెనక కేక వినబడింది.

అక్కడ నీళ్ళ ట్యాంకుంది, ఇనప నిచ్చెనతో. బడిలోకల్లా చిన్నవాడైన అయిదో తరగతి పిల్లాడొకడు దాని కింద సిమెంటు గట్టు మీద పడి ఉన్నాడు. వాణ్ణి అందరూ బఠాణీ అనేవారు, అంత చిన్నగా ఉంటాడు. ట్యాంకు అంచు మీద చుట్టూ నడవాలని ఎవరో పందెం కట్టారు, వీడు ఎక్కాడు, జారాడు. చెవిలోంచి నెత్తురు కారుతోంది. మాస్టారే వాణ్ణి చేతుల మీద ఎత్తుకుని పరిగెత్తాడు. ఆసుపత్రిలో వాడు ఉలకలేదు, పలకలేదు.

పందెం కట్టిందెవరు? ఒంటె మొహం పాలిపోయి ఉంది. అయినా నోటికి అలవాటైన మాట తడుముకోకుండా వచ్చేసింది. "డ్రిల్లుగాడు సార్." వాడి జట్టంతా అవునంది. కొడుకుని సిక్ రూములో పెట్టి తాళం వేశారు. విచారణ అయ్యేదాకా ఎవరూ కలవకూడదన్నారు.

ఆ సాయంత్రం భార్య మాస్టారి చొక్కా పట్టుకుంది. "వాడు నా దగ్గరున్నాడండీ! ఆ టైముకి నా వంటింట్లో గుడ్డు తింటున్నాడు! మీకెలా చెప్పను..."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"బూట్లు చూశాను."

ఆవిడ చొక్కా వదిలేసింది. "అయితే ఇంకేం? వెళ్ళి చెప్పండి. ఇప్పుడే చెప్పండి."

మాస్టారు మంచం అంచున కూలబడ్డాడు. "చెబితే రూలు తప్పామని వాడి సీటు పీకేస్తారు. ఇల్లు పోతుంది. కాస్త ఆలోచించనీ."

"చెప్పకపోతే కొడుకే పోతాడు. వాడి పేరు మీద ఎంత మచ్చ పడుతుందో తెలుసా?"

"అదికాదే. రేపు పెద్దసారు వాణ్ణి అడుగుతాడు. వాడు కాదంటాడు. చెయ్యలేదు కదా, కాదనే అంటాడు. వాడు గట్టిగా కాదన్నాక వాళ్ళ దగ్గర రుజువేముంది? మనం బయటపడక్కర్లేకుండానే గండం గట్టెక్కుతుంది. అప్పటికీ కాకపోతే నేను చెబుతాలే."

అదండీ ఆయన తెలివి! ఏడాది పొడుగునా కాదన్నప్పుడల్లా కక్కుకునేదాకా పరిగెత్తించి, ఇప్పుడు ఆ పిల్లాడు కాదంటాడని ధీమా.

మర్నాడు పొద్దున పెద్దసారు గదిలో విచారణ. బల్ల వెనక పెద్దసారు. ఒక పక్క బఠాణీ తండ్రి, నలిగిన బట్టల్తో, ఎర్రటి కళ్ళతో. ఇంకో పక్క ఒంటె, వాడి జట్టు. తలుపు పక్కన మాస్టారు. ఆయన భార్యని వరండాలోనే ఆపేశారు. కొడుకుని తెచ్చి మధ్యలో నిలబెట్టారు. రాత్రంతా ఏడ్చినట్టు మొహం ఉబ్బి ఉంది.

"బఠాణీతో పందెం కట్టి పైకెక్కించింది నువ్వేనా?"

వాడు తలెత్తి తండ్రి వైపు చూశాడు.

కాదను, కాదనరా తండ్రీ అని మాస్టారు లోపల అరుస్తూ, కళ్ళతోనే చెబుదామని కనుబొమ్మలు పైకెత్తాడు.

ఆ కనుబొమ్మలు వాడికి ఏడాదిగా అలవాటే.

"నేనే సార్" అన్నాడు.

బఠాణీ తండ్రి మొహం కప్పుకున్నాడు. ఒంటె నేలవైపు చూశాడు. మాస్టారు ముందుకు తూలి, "లేదండీ! వాడు కాదండీ!" అన్నాడు. "ఆ టైముకి వాడు మా ఇంట్లో ఉన్నాడు. నా కళ్ళతో బూట్లు చూశాను. నవ్వు విన్నాను. వాడికేం తెలీదండీ!"

పెద్దసారు కళ్ళజోడు తీశాడు. "ఇప్పుడు గుర్తొచ్చాడా మాస్టారూ, కొడుకు?" అని, వాడి వైపు తిరిగాడు. "నిన్న మధ్యాహ్నం మీ ఇంటికి వెళ్ళావా?"

వాడు గబగబా తలూపేశాడు, అడ్డంగా. "లేదు సార్. ఎప్పుడూ వెళ్ళలేదు సార్. వెళ్ళకూడదు కదా సార్."

ఎడమచెవి ఎర్రగా కందిపోయింది. ఆ గదిలో దాని అర్థం తెలిసినవాడు ఒక్కడే.

"చెవి చూడండి సార్! వాడు అబద్ధం..." అని మాస్టారు అంటుండగానే తలుపు తోసుకుని భార్య లోపలికొచ్చింది. "నా దగ్గరే ఉన్నాడు బాబూ. నా చేత్తో తినిపించాను. నేనే చెప్పొద్దన్నాను. కన్నా, చెప్పరా, ఫర్వాలేదు, చెప్పెయ్యరా!"

వాడు తల్లిని చూశాడు, తండ్రిని చూశాడు. చంపుతామన్నా చెప్పొద్దంది కదా. "లేదు సార్" అన్నాడు మళ్ళీ, ఇంకా గట్టిగా.

పెద్దసారు నిట్టూర్చాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. "మాస్టారూ, కిటికీ అద్దం వీడే అన్నారు. కుళాయి వీడే అన్నారు. గొడుగు వీడే అన్నారు. మొదట రెండుసార్లు కాదన్నా, ఆ తర్వాత ప్రతిసారీ ఒప్పుకున్నాడు, ఒప్పించానని మీరే నాతో చెప్పుకున్నారు. నేను సభలో చప్పట్లు కొట్టించాను. అవన్నీ నిజాలై ఇదొక్కటే అబద్ధమా? లేకపోతే అవి కూడా అబద్ధాలేనా? ఏదో ఒకటి చెప్పండి."

మాస్టారు నోరు తెరిచాడు. కిటికీ అద్దం నాటి చెవి గుర్తొచ్చింది. వానలో గోల్‌పోస్టు పట్టుకుని వంగిన వీపు గుర్తొచ్చింది. అవన్నీ అబద్ధాలేనంటే తను ఏమవుతాడు?

"అన్నీ అబద్ధాలే" అన్నాడు చివరికి.

"వాడే ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి మీకు?" అన్నాడు బఠాణీ తండ్రి ఏడుపు గొంతుతో. "నా కొడుకు కళ్ళు తెరవలేదింకా."

పెద్దసారు తేల్చేశాడు. కొడుకు ఆ పూటే బడి వదలాలి. ఏ బడికెళ్ళినా ఈ సంగతి వాడి వెంట వెళుతుంది. ఇంట్లో ఉన్నాడన్నమాట నిజమైతే రూలు తప్పారు, అబద్ధమైతే నిండు గదిలో అబద్ధమాడారు. ఎలా చూసినా మాస్టారు కూడా క్వార్టర్సు ఖాళీ చెయ్యాల్సిందే.

మాస్టారు మెళ్ళో ఈల తీసి ఆ బల్ల మీద పెట్టేశాడు. ఎవరూ అటువైపు చూడలేదు.

ఎండ నెత్తిమీదకొచ్చేసరికి ముగ్గురూ గేటు దాటారు. రేకు పెట్టె మాస్టారి భుజం మీద ఉంది. వాళ్ళమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపల పిల్లలు ఆటల పీరియడులో అరుస్తున్నారు. కొత్తగా ఎవరో ఈల ఊదారు, ఆ చప్పుడుకి వాడు ఉలిక్కిపడ్డాడు.

మాస్టారు పెట్టె దించాడు. కొడుకు ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఒరేయ్, గేటు దాటేశాం రా. ఇంక సార్ అననక్కర్లేదు. నాన్నా అను. ఒక్కసారి అనరా."

వాడు తల్లి చెయ్యి విడిపించుకున్నాడు. కిందికి వంగి, బూట్ల లేసులు లాగి బిగించుకున్నాడు, రెండు మెలికలు తిప్పి లోపలికి దోపి. లేచి, ప్రహరీ పొడుగునా ఆ చివరిదాకా చూశాడు. చాలా దూరం ఉంది. చొక్కా చేత్తో మొహం తుడుచుకుని తండ్రి వైపు తిరిగాడు.

"నేను ఒప్పేసుకున్నాను కదా సార్" అన్నాడు. "సగమేగా?"

మాస్టారు ఆ బూట్ల మీద పడి లేసులు విప్పబోయాడు. ముడి ఊడి రాలేదు.